కొనకుండా ధర అడిగినవాడు

నలభై ఊళ్ళు తీసుకుని లెక్క వేస్తే అందులో మా ఊరే అన్నిటికంటే ఖరీదైనదని రాశారు. అది అబద్ధం. ఆ అబద్ధం చెప్పింది నా కూతురు. రాసుకున్నది మా మేడ మీద అద్దెకున్నవాడు. ఇద్దరినీ నేను క్షమించలేదు.

నాది మోటార్లకు వైండింగ్ చేసే పని. కాలిపోయిన నీళ్ళ మోటారు విప్పి, పాత రాగితీగ లాగేసి, కొత్తది చుట్టి ఇస్తాను. ఒక గాడిలో అరవై రెండు చుట్లు ఉండాలంటే అరవై రెండే ఉండాలి. అరవై ఒకటి చుట్టి, సర్లే అనుకునేవాడు నా దృష్టిలో దొంగ.

ఇంటి కింద భాగంలో ఒక పక్క నా షెడ్డు, రెండో పక్క అమ్మాయి నడిపే సరుకుల కొట్టు. మధ్యలో నడుమెత్తు చెక్క అడ్డం. అటు గుసగుసలాడినా ఇటు వినపడుతుంది. మేడ మీద రెండు గదులు. పెద్ద గది ఒకప్పుడు మాది. మూడేళ్ళ కిందట నా భార్య పోయాక నేను షెడ్డు వెనక పడుకోవడం మొదలుపెట్టి, పైగదులు అద్దెకిచ్చాను.

అద్దెకొచ్చేవాళ్ళంతా ల్యాప్‌టాప్ వాళ్ళు. ఆఫీసు ఏ దేశంలోనో ఉంటుంది, వీళ్ళు మా మేడ మీద ఉంటారు. రాగానే ఇంటర్నెట్ స్పీడు అడుగుతారు. కుళాయిలో నీళ్ళు వస్తాయా అని ఇంతవరకు ఒక్కడూ అడగలేదు.

వీడు ఒక సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

"ముప్పై రోజులు ఉంటాను అంకుల్."

"నేను నీకు అంకుల్ని ఎలా అయ్యాను?"

"సారీ సర్."

మర్నాటికి మళ్ళీ అంకుల్నే అయ్యాను.

వాడి పని ఇదీ. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసుకునేవాళ్ళు ఏ ఊళ్ళో ఉంటే ఎంత ఖర్చవుతుంది, రోజు ఎలా గడుస్తుంది అని ఊరూరికీ మనిషిని పంపి పట్టిక వేసే కంపెనీ ఒకటుంది. ఊరికి ముప్పై రోజులు. అద్దె, పాలు, గుడ్లు, బస్సు టికెట్, శబ్దం, పొరుగువాళ్ళు, అన్నిటికీ గడులున్నాయి. మాది వాడికి ఇరవై మూడో ఊరు. వెనకటి ఇరవై రెండు ఊళ్ళలో ఎదురింట్లో ఎవరుండేవారంటే చెప్పలేడు. ఊళ్ళకి మాత్రం మార్కులు వేస్తాడు. నేను పల్లెటూరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. అక్కడి మేష్టారు కూడా పేపరు చదివాకే మార్కులు వేసేవాడు.

రెండో రోజు పొద్దున తొమ్మిదింటికి కొట్టు ముందు నిలబడ్డాడు.

"గుడ్లు డజను ఎంతండీ?"

అమ్మాయి చెప్పింది. రాసుకున్నాడు. ఉల్లిపాయలు, నిమ్మకాయలు, పాలు, బంగాళాదుంపలు, రొట్టె. అన్నీ అడిగి రాసుకున్నాడు.

"ఏవేవి ఎంతెంత కట్టమంటారు?"

"ఏమీ వద్దండీ. థాంక్స్."

మూడో రోజూ అంతే. నాలుగో రోజు అమ్మాయి తక్కెడ పక్కకి నెట్టింది.

"ఏవండీ, మీరు కొనేది ఎప్పుడు?"

"నేను కొననండీ. అడుగుతాను, అంతే."

"మా కొట్టేమన్నా మ్యూజియమా?"

"మ్యూజియంలో ధరలుండవండీ. ఇది మా రూల్. ధర అడిగే కొట్టులో ఏమీ కొనకూడదు. కొంటే తెలిసినవాళ్ళం అయిపోతాం. తెలిసినవాళ్ళకి ధర తగ్గిస్తారు. డేటా పాడైపోతుంది."

"అంటే తెలియనివాడిగా ఉండటం కోసం రోజూ వస్తారన్నమాట."

"అవునండీ. ఒకే కొట్టు, ఒకే టైము, ముప్పై రోజులు."

"ఈ ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళుగా ఎవరికీ తెలియకుండా బతుకుతున్నారా?"

వాడు పెన్ను ఆపాడు. "అలా ఎప్పుడూ అనుకోలేదండీ" అన్నాడు.

"సరే రాసుకోండి ముప్పైగారూ" అని అమ్మాయి మొదలుపెట్టింది. సబ్బులు, బల్బుల మీద ధర అచ్చయి ఉంటుంది కాబట్టి వాటి జోలికి పోలేదు. నోటితో చెప్పే ప్రతి సరుకుకీ రెట్టింపు చెప్పింది. నిమ్మకాయలకి మూడింతలు.

"నిన్నటికీ ఇవాళ్టికీ ఇంత పెరిగాయా?"

"పెరిగాయండీ. మీరు నిద్రపోతున్నప్పుడు."

వాడు బుద్ధిగా రాసుకున్నాడు. నేను ఇటుపక్కనుంచి విన్నాను. నోరు తెరవలేదు. అప్పుడు నలభై ఏడో చుట్టులో ఉన్నాను. మాట్లాడితే లెక్క పోతుంది. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. చెప్పలేదు. ఆ తప్పు నాది.

నెల గడిచింది. ఆ ధరలే పట్టికలోకి ఎక్కాయి. పట్టిక నెట్‌లో పెట్టేశాక వాళ్ళ ఆఫీసుకి అనుమానం వచ్చింది. ఈ మారుమూల ఊళ్ళో గుడ్లు పట్టికలో ఉన్న మూడు రాజధానుల్లో కంటే ఖరీదేమిటని అడిగారు. పెట్టకముందు అడగాలని తోచలేదు. వాళ్ళ రూల్ ప్రకారం అంకె మీద అనుమానం వస్తే ముప్పై రోజులూ మళ్ళీ మొదటినుంచి చేయాలి.

"ఈ నెల అంకెలు కుదురుగా వస్తే వెళ్ళిపోతానండీ. కుదరకపోతే మూడో నెల కూడా ఉండమంటారేమో" అని కొట్లో చెప్పాడు.

"అలాగా" అంది అమ్మాయి. ఆ రోజు కొట్టు ముందు రెండుసార్లు ఊడ్చింది.

మర్నాటి నుంచి ఏ ధరా ఏ రోజూ నిలబడలేదు.

"గుడ్లు ఎంతండీ?"

అమ్మాయి ఏదో అంకె చెప్పింది.

"నిన్న ఇందులో సగం చెప్పారు."

"నిన్నవి వేరే కోళ్ళండీ."

"పాలు?"

"నిన్నటికి రెండింతలు."

"పాలెందుకు పెరిగాయి?"

"ఆవు అలిగింది."

వాడు తల ఊపి, "కారణం, ఆవు అలక" అని పైకి చదువుతూ రాసుకున్నాడు. తొమ్మిదింటికి వచ్చినవాడు పదిన్నరకి మేడ ఎక్కేవాడు. ఆరు సరుకుల ధర రాసుకోవడానికి గంటన్నర. అందులో పుస్తకం వైపు చూసింది పది నిమిషాలుంటే గొప్ప. అమ్మాయి కూడా ఉన్న డబ్బాలనే తీసి తుడిచి మళ్ళీ పెట్టేది. ఒకే డబ్బా నాలుగుసార్లు తుడవడం నేను చూశాను.

ఒకరోజు వాన పట్టుకుంది. ప్రేమకథల్లో వాన ముచ్చటగా కురుస్తుందట. మా రేకుల మీద పడితే చెవులు చిల్లులు పడతాయి, షెడ్డులో రెండు చోట్ల కారుతుంది. నేను మోటార్ల మీద పట్టా కప్పుకుంటున్నాను. ఆ చప్పుడులో వాళ్ళు గట్టిగా మాట్లాడుకోవాల్సి వచ్చింది. నేను వినాల్సి వచ్చింది.

"గొడుగు ఎంతండీ?"

"కొంటారా?"

"కొనకూడదు."

"ఊరికే ఇస్తే?"

"తీసుకోకూడదు. ఊరికే తీసుకుంటే ఇంకా తెలిసినవాళ్ళం అయిపోతాం."

"అయితే తడుస్తూ వెళ్ళండి. మెట్లు పది అడుగుల దూరమేగా."

"వెళ్తాను" అన్నాడు. కదల్లేదు.

"వెళ్ళరేం?"

"ల్యాప్‌టాప్ తడుస్తుందని."

"ఇక్కడ పెట్టి వెళ్ళండి."

"అది పైన గదిలోనే ఉందండీ."

అమ్మాయి నవ్వింది. మూడేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ అలా నవ్వలేదు. అది విని నాకేమీ సంతోషం కలగలేదు. నవ్వించినవాడు నెల తిరిగితే ఉండేవాడు కాడు.

"రండి" అని తనే గొడుగు విప్పింది. "గొడుగు నాది. పట్టుకునేదీ నేనే. మీకేమీ ఇవ్వలేదు. మీ డేటా క్షేమం."

ఆ పది అడుగులకి నాలుగు నిమిషాలు పట్టింది. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది.

వాళ్ళ నడకని ఎదురింటి కిటికీలోంచి మా అక్క కూడా చూసింది. వాన తగ్గగానే వచ్చి షెడ్డులో స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒరేయ్, నీ కళ్ళు ఆ రాగితీగకే అప్పజెప్పావా?"

"కనపడుతూనే ఉంది."

"కనపడితే అలా కూర్చుంటావేంరా? వాడు నెలకో ఊరు తిరిగే మనిషి. పిల్లని తీసుకుపోతాడు, లేదంటే వదిలేసి పోతాడు. రెంటిలో నీకు ఏది ఇష్టమో తేల్చుకో."

"రెండూ ఇష్టం లేదు."

"నీకు ఇష్టమైంది ఏముంది గనక. మా మరదలు ఒక్కతే నిన్ను భరించింది" అని లేచి వెళ్ళిపోయింది.

వారం తర్వాత ఫోన్ వచ్చింది. రెండో గదికి వచ్చే నెల వస్తానన్న మనిషి.

"రావడం లేదండీ. మీ ఊరు మాలాంటివాళ్ళకి కాదు."

"మాది చవకైన ఊరు."

"ఎక్కడ చవక? డజను గుడ్ల ధర చూశాను. అంత పెట్టి మేం గుడ్లు తినం" అని పెట్టేశాడు.

అమ్మాయి చేత ఫోన్‌లో ఆ పట్టిక తీయించాను. ఖర్చులో మా ఊరు నలభైలోకీ మొదటిది. శబ్దం, భరించలేనిది. కారణం, కింద మోటార్ల షెడ్డు. పొరుగువాళ్ళ స్నేహం, పదికి రెండు. ఆ మేడకి పొరుగువాణ్ణి నేనొక్కణ్ణే.

"ఈ ధరలు నువ్వు చెప్పినవేనా?"

"నేను చెప్పినవే నాన్నా."

"ఎందుకు చెప్పావు?"

"మొదట్లో ఒళ్ళు మండి."

"తర్వాత?"

అమ్మాయి గుడ్ల అట్టలు ఒకదాని మీద ఒకటి సర్దుతోంది.

"తర్వాత ఎందుకే?"

"సరైన ధర చెబితే వెళ్ళిపోతాడని."

"పోయేవాడు ఎలాగూ పోతాడు. నువ్వు గుడ్లకి బంగారం ధర చెప్పినా పోతాడు."

"తెలుసు. శుక్రవారమే పోతున్నాడు. మూడో నెల ఇవ్వరట. వేరే మనిషిని పంపిస్తారట" అని అరల వైపు తిరిగింది. చాలాసేపు ఇటు తిరగలేదు.

ఆ రోజు బుధవారం. నేను హోల్‌సేల్ బిల్లుల డబ్బా తీశాను. రెండు నెలల బిల్లులూ ఉన్నాయి. గుడ్లు ఎంతకి తెచ్చామో, ఎంతకి అమ్మామో తేదీలతో సహా ఉంది. ఆ కాగితాలు పట్టుకుని మేడ ఎక్కాను. వాడు వెళ్తే వెళ్ళనీ. మా ఊరి మీద అబద్ధం రాసి వెళ్ళడానికి వీల్లేదు.

ఆ పెద్ద గదిలో నేను మూడేళ్ళుగా అడుగు పెట్టలేదు. అద్దెకిచ్చినప్పుడు కూడా గుమ్మం దగ్గరే తాళం చేతికిచ్చి దిగిపోయేవాణ్ణి. ఆ రోజు లోపలికి వెళ్ళాను. కిటికీ దగ్గర బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది.

"ఇవి అసలు ధరలు. నువ్వు రాసుకున్నవన్నీ తప్పు."

వాడు లేచి నిలబడ్డాడు. బిల్లులు తీసుకోలేదు.

"తెలుసు అంకుల్."

"ఏం తెలుసు?"

"రెండో నెల మొదటి రోజే పక్కవీధిలో గుడ్లు కొన్నాను. అప్పుడే తెలిసింది."

తెర నా వైపు తిప్పాడు. ఆ నెల ప్రతి తేదీకీ రెండు వరసలున్నాయి. ఎడమ వరసలో అమ్మాయి చెప్పిన ధరలు. కుడి వరసలో పక్కవీధి ధరలు. కుడి వరస నా బిల్లులతో పోల్చి చూశాను. దాదాపు కుదిరింది. ఒక్క రోజు కూడా వదల్లేదు.

"తెలిసీ ఎడమవే పంపించావా?"

"పంపించాను."

"దేనికి?"

"కుడివి పంపిస్తే ఈ ఊళ్ళో నా పని అయిపోతుంది కదా అంకుల్."

ఇద్దరూ ఇద్దరే. ఒకరు అబద్ధం చెప్పడం, ఒకరు అది అబద్ధమని తెలిసి రాసుకోవడం. దీన్ని ప్రేమ అంటారట. మా పనిలో దీన్ని షార్ట్ సర్క్యూట్ అంటాం.

తెర మీద కింద ఒక గడి రెండు వరసల్లోనూ ఖాళీగా ఉంది.

"ఇదేమిటి? ఇది ఎందుకు నింపలేదు?"

వాడు తల వంచుకున్నాడు. "అత్యవసరమైతే ఆసుపత్రి చేరడానికి ఎంతసేపు పడుతుందో రాయాలి. మిమ్మల్ని మాత్రం అడగొద్దని మీ అమ్మాయే ముందుగా చెప్పింది. ఇంకెవరినీ అడగబుద్ధి కాలేదు. మొదటి నెల కూడా ఖాళీగానే పంపాను. తిట్టారు."

నేను మంచం వైపు చూశాను. మంచం అదే. దుప్పటి వేరు.

"అంబులెన్సు బండి ఎక్కాక పదకొండు నిమిషాలు" అన్నాను.

వాడు రాయలేదు.

"బండి రావడానికి నలభై. ఇరవై ఆరో నిమిషం దాకా ఆవిడ నాతో మాట్లాడుతూనే ఉంది. నేను గడియారం చూస్తున్నాను. ఎన్ని నిమిషాలైందో ఇప్పటికీ చెప్పగలను. ఆవిడ ఏమందో సగం వినలేదు."

వాడు ల్యాప్‌టాప్ మూయబోయాడు.

"మూయకు. రాయి."

"వద్దు అంకుల్."

"రాయి. ఈ ఊరికి కాపురానికి వచ్చేవాడు గుడ్ల ధర కంటే ముందు అది చూసుకోవాలి."

యాభై ఒకటి అని రాశాడు. పక్కన, బండి కోసం నలభై, దారిలో పదకొండు అని కూడా రాశాడు. నన్ను ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే మెట్ల మీద నుంచి తోసేసేవాణ్ణి.

"ఇప్పుడు కుడి వరస మొత్తం పంపిస్తాను అంకుల్. ఎడమది తప్పని తెలిసే పంపానని కూడా రాస్తాను. ఉద్యోగం తీసేస్తారు."

"తీసేయనీ."

నా ముందే రాశాడు. నాలుగే వాక్యాలు. సాకులు చెప్పలేదు. పంపేశాడు.

"ఇంక మిమ్మల్ని ఒక మాట అడగాలి."

"ఉద్యోగం పోగొట్టుకున్న నిమిషానికే అడిగే మాటా?"

"ఉద్యోగం ఉండగా అడిగితే మీ అమ్మాయిని నెలకో ఊరు తిప్పుతానని అడిగినట్టు అవుతుంది. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. నేను ఇక్కడే ఉండిపోతాను."

"అమ్మాయిని అడిగావా?"

"లేదు. ఇంతవరకు తనని ధరలు తప్ప ఏమీ అడగలేదు."

"రెండు నెలల్లోనా?"

"రెండు నెలల్లో."

"ఇంత దద్దమ్మవి ఇరవై రెండు ఊళ్ళు ఎలా తిరిగి వచ్చావురా? ముందు కిందికి పో. దాన్ని అడుగు."

వాడు మెట్లు రెండేసి చొప్పున దిగాడు. నేను కిటికీ పక్కనే ఉండిపోయాను. కిందనుంచి మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి.

"ఈ వేళప్పుడు వచ్చారేంటి?"

"నాకు ఉద్యోగం లేదండీ."

"ఎప్పటినుంచి?"

"ఐదు నిమిషాల నుంచి."

"మరి అలా నవ్వుతారేంటి?"

"మీరు ఒప్పుకుంటే మిమ్మల్ని పెళ్ళి చేసుకుందామని."

కొట్లో చప్పుడు ఆగిపోయింది. ఆవలి వీధిలో బస్సు వెళ్ళింది.

"నాన్న ఏమన్నారు?"

"దద్దమ్మ అన్నారు. పొమ్మన్నారు."

"ఊళ్ళోంచి పొమ్మన్నారా, నా దగ్గరికి పొమ్మన్నారా? సరిగ్గా చెప్పండి."

"మీ దగ్గరికి."

"నాన్న అలా అన్నారా?" అమ్మాయి గొంతు మారింది. "నిజంగా నాన్నే అన్నారా?"

"ఆయనే. పెద్ద గదిలో నిలబడి అన్నారు."

"పెద్ద గదిలోకి వచ్చారా?"

వాడేం చెప్పాడో వినపడలేదు. అమ్మాయి ఏడ్చింది. కాసేపటికి ముక్కు చీదుకుని, "నేను ఇక్కడినుంచి ఎక్కడికీ రాను" అంది.

"నేనూ పోను."

"ఊరికే కూర్చోబెట్టి పోషించను. ఉద్యోగం వెతుక్కోండి."

"రేపటినుంచి వెతుకుతాను."

"రేపు ఎందుకు? ఇవాళ మధ్యాహ్నం ఖాళీయేగా."

నాలుగు నెలలకి వాడికి వేరే ఉద్యోగం దొరికింది. అదీ ల్యాప్‌టాప్‌దే. ఊళ్ళు తిరగక్కర్లేదు. ఆ తర్వాతి నెలలో రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి అయింది. సాక్షి సంతకం ఒకటి నాది, ఒకటి మా అక్కది. చిన్న గది తడి పడుతుంది, పెద్ద గదిలోనే ఉండండి అని చెప్పాను. కొత్త మంచం కొంటామన్నారు. కొనుక్కోమన్నాను. వాడిప్పుడు నన్ను మామయ్యగారూ అంటున్నాడు. అదీ నాకు నచ్చలేదు.

ఆ కంపెనీ వాణ్ణి ఒక్క రోజులో తీసేసింది. పట్టికలో అంకె మాత్రం ఇంతవరకు దిద్దలేదు. దిద్దడానికి సంవత్సరం పడుతుందట.

మేడ మీద ఆ రోజు వాడితో నేనేం మాట్లాడానని మా అక్క ఇప్పటికీ అడుగుతుంది. పిల్లనిస్తానన్నాను, అంతే అని చెప్పాను. అమ్మాయి అడగలేదు. వాడు కూడా దానికి చెప్పలేదు. చెప్పి ఉంటే దాని ముఖం చూస్తే నాకు తెలిసేది. ఆ ఒక్క గుణం లేకపోతే వాణ్ణి శుక్రవారమే బస్సెక్కించేవాణ్ణి.

ఆ నలభై నిమిషాల సంగతి ఒకసారి నోటితో చెప్పాను, ఇప్పుడు ఒకసారి రాశాను. ఇక మాట్లాడను. ఎవరూ నన్ను అడగొద్దు.